క్లౌడ్ అకౌంట్ పర్మిషన్లు కోడ్‌లో ఎందుకు రాయాలి? ఒక్క తాళం చెవితో రొయ్యల గుంటల దగ్గర నేను పడ్డ తిప్పలు

కొత్త ఫోన్ కొన్నాక మనలో చాలామంది చేసే పని ఒకటుంది. యాప్ ఇన్‌స్టాల్ చేయడం, పాప్అప్ వస్తే చదవకుండా "అలో" నొక్కేయడం. టార్చ్‌లైట్ యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకు అని ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. ఆండ్రాయిడ్ 6 రాకముందు, అంటే 2015 వరకు, ఆ ఆలోచించే ఛాన్స్ కూడా ఉండేది కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అన్నీ ఒప్పుకోవాలి, లేదంటే యాప్ వద్దనుకోవాలి. ఆండ్రాయిడ్ 10లో "యాప్ వాడేటప్పుడు మాత్రమే", ఆండ్రాయిడ్ 11లో "ఈసారికి మాత్రమే" వచ్చాయి. ఆండ్రాయిడ్ 11 ఇంకో మంచి పని కూడా చేసింది. చాలాకాలం వాడని యాప్‌కి ఇచ్చిన పర్మిషన్లను తనే వెనక్కి తీసుకుంటుంది.

ఫోన్‌లో ఇన్ని జాగ్రత్తలు చెప్పే నేను, క్లౌడ్ అకౌంట్‌లో మాత్రం ఏడాది పాటు "అన్నీ అలో" పెట్టుకుని కూర్చున్నా. దాని ఫలితమే ఈ ఆర్టికల్.

ఆ శనివారం రాత్రి ఏం జరిగింది?

మాది కావలి. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఇంటి నుంచే పని. తుమ్మలపెంట వైపు మా బావకి రొయ్యల గుంటలు ఉన్నాయి. వనామీ సాగు గురించి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ టైమ్‌లో కరెంటు పోయినా, ఏరేటర్ ఆగినా, నెలల కష్టం గంటల్లో పోతుంది. అందుకని ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, ఒక ఆక్సిజన్ సెన్సర్ కలిపి గట్టు మీది షెడ్డులో పెట్టా. ఐదు నిమిషాలకోసారి రీడింగ్ అమెజాన్ క్లౌడ్‌లో ఎస్3 అనే స్టోరేజ్‌కి వెళ్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ఎస్ఎన్ఎస్ అనే సర్వీస్ ద్వారా బావ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. అంతవరకు బాగానే ఉంది.

తప్పు ఎక్కడంటే, దీనికోసం నేను ఒకే ఒక యూజర్‌ని క్రియేట్ చేసి, దానికి అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ ఇచ్చి, ఒకే ఒక యాక్సెస్ కీ తీశా. బోర్డులో అదే కీ. నా ల్యాప్‌టాప్‌లో అదే కీ. బావ చూసుకునే డ్యాష్‌బోర్డ్ పేజీని అప్‌లోడ్ చేసే స్క్రిప్ట్‌లో కూడా అదే. "తర్వాత మారుద్దాంలే" అనుకున్నా. మీకు తెలుసుగా, ఆ తర్వాత ఎప్పుడూ రాదు.

ఒక శనివారం సాయంత్రం ఆ ప్రాజెక్ట్‌ని గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టా. కాన్ఫిగ్ ఫైల్‌లో కీ ఉన్న సంగతే గుర్తులేదు. ఇలాంటి కీల కోసం గిట్‌హబ్‌ని రాత్రింబవళ్లు జల్లెడ పట్టే బాట్లు ఉంటాయి. భోజనం చేసి వచ్చేసరికి అమెజాన్ నుంచి మెయిల్, మీ కీ బయటపడింది అని. అప్పటికే వాళ్ల సిస్టమ్ ఆ యూజర్‌కి ఒక క్వారంటైన్ పాలసీ తగిలించేసింది. కానీ ఆలోపే ఫ్రాంక్‌ఫర్ట్, ఒరెగాన్, సావో పాలో రీజియన్లలో పదకొండు పెద్ద సర్వర్లు లేచి కూర్చున్నాయి. క్రిప్టో మైనింగ్ కోసమే అయ్యుంటుంది. చేతులు వణుకుతూ కీని డీయాక్టివేట్ చేశా, సర్వర్లన్నీ ఆపేశా. రెండింటికి పడుకున్నా, పెద్ద గండం గడిచిందని.

తెల్లవారుజామున నాలుగున్నరకి బావ ఫోన్. "ఏంది బామ్మర్దీ, ఆక్సిజన్ 2.8కి వచ్చింది. మెసేజ్ ఏదీ?"

అప్పుడు వెలిగింది. కీ చంపినప్పుడు దొంగతో పాటు బోర్డుని కూడా బయటకి నెట్టేశా. రాత్రంతా అది రీడింగ్ పంపడానికి ప్రయత్నిస్తూ, ఎర్రర్ రాసుకుంటూ, ఎవరూ చూడని లాగ్ ఫైల్ నింపుతోంది. రొయ్యలు పైకి తేలడం చూసి ఏరేటర్లన్నీ ఆన్ చేసింది గుంటల దగ్గర కావలి ఉండే పెద్దాయన. మా ఊరి పేరు ఊరికే పెట్టలేదనుకున్నా ఆ రోజు. నష్టం కొద్దిలో తప్పింది. నా బిల్లు సంగతి వదిలేయండి, అది ఎలాగో తేలింది. కానీ ఆ పెద్దాయన ఆ పూట నిద్రపోయి ఉంటే అనే ఆలోచన మాత్రం ఇప్పటికీ పోలేదు.

(రీడింగ్ రాకపోతే కూడా అలారం మోగాలి కదా అని మీకు అనిపించి ఉంటుంది. కరెక్టే. అది ఇంకో తప్పు. క్లౌడ్‌వాచ్‌లో, డేటా రాకపోతే దాన్ని ప్రమాదంగానే లెక్కగట్టు అని చెప్పే ఆప్షన్ ఉంది. ఇప్పుడు అది ఆన్‌లో ఉంది.)

అసలు ఐఏఎమ్ పాలసీ అంటే ఏంటి?

అమెజాన్ క్లౌడ్‌లో పర్మిషన్లు చూసుకునే సర్వీస్ పేరు ఐఏఎమ్. దీనికి చార్జీ ఏమీ లేదు. పాలసీ అంటే ఒక చిన్న జేసన్ ఫైల్. అందులో ముఖ్యంగా మూడు ప్రశ్నలకి జవాబు ఉంటుంది: ఒప్పుకోవాలా కాదనాలా, ఏ పని, ఏ వస్తువు మీద. ఆ పాలసీని ఒక యూజర్‌కో రోల్‌కో తగిలిస్తాం. గూగుల్, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లలో పేర్లు, వివరాలు మారతాయి కానీ ఆలోచన ఇలాంటిదే.

రూల్ సింపుల్. ఏమీ చెప్పకపోతే "కుదరదు" అనే అర్థం. ఎక్కడైనా అలో ఉంటే కుదురుతుంది. కానీ ఎక్కడో ఒకచోట డినై అని రాసి ఉంటే, పది అలోలు ఉన్నా పనిచేయవు. డినైదే చివరి మాట.

ఒక చిన్న సంగతి. పాలసీ పైన వెర్షన్ అని 2012-10-17 తేదీ కనిపిస్తుంది. కొత్తలో నేను అది పాతబడిపోయిందనుకుని ఆ రోజు తేదీ పెట్టా, ఎర్రర్ వచ్చింది. అది పాలసీ భాషకి వెర్షన్ నంబర్, మన ఫైల్ తేదీ కాదు. మొత్తానికే తీసేస్తే 2008 నాటి పాత వెర్షన్ లెక్కలోకి వస్తుంది, అందులో యూజర్ పేరు లాంటి వేరియబుల్స్ పనిచేయవు. కాబట్టి దాన్ని అలాగే వదిలేయండి.

కన్సోల్‌లో క్లిక్ చేస్తే ఏం పోయింది?

కన్సోల్‌లో పది క్లిక్కులతో కూడా ఈ పాలసీలు తయారు చేయొచ్చు. పని అవుతుంది. కానీ ఆరు నెలల తర్వాత "ఈ యూజర్‌కి ఈ పర్మిషన్ ఎందుకు ఇచ్చాం?" అంటే చెప్పేవాళ్లు ఉండరు. ఎందుకో తెలియనప్పుడు తీసేయడానికి భయం. తీసేస్తే ఏం ఆగిపోతుందో తెలియదు కదా! అలా పర్మిషన్లు పెరుగుతూ పోతాయి తప్ప తగ్గవు. ఆ రాత్రి నాకు కావాల్సింది కూడా ఇదే: ఏ కీ తీస్తే ఏం ఆగుతుందో ఒక్క చూపులో తెలియడం.

నేను వాడింది టెర్రాఫామ్. హాషికార్ప్ కంపెనీ టూల్. 2023లో దాని లైసెన్స్ మార్చడంతో ఓపెన్‌టోఫు అని ఇంకో వెర్షన్ విడిగా పుట్టింది. మనలాంటి చిన్న ప్రాజెక్టులకి ఏదైనా ఒకటే. మనకి ఏం కావాలో ఫైల్‌లో రాస్తాం. "ప్లాన్" అని కమాండ్ ఇస్తే, ఇప్పుడున్నదానికీ మనం రాసినదానికీ తేడా చూపిస్తుంది. కొత్తగా వచ్చేవి ప్లస్ గుర్తుతో, పోయేవి మైనస్ గుర్తుతో కనిపిస్తాయి. చూసుకుని "అప్లై" అంటే అప్పుడు మారుస్తుంది. ఫైల్ గిట్‌లో ఉంటుంది కాబట్టి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్ర మొత్తం ఉంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది చాలా చిన్న విషయం. జేసన్‌లో కామెంట్ రాయడం కుదరదు. టెర్రాఫామ్ ఫైల్‌లో రాయొచ్చు. అంటే పర్మిషన్ పక్కనే కారణం.

బోర్డుకి రాసిన పాలసీ

ఇప్పుడు అసలు పని. తెల్ల కాగితం తీసుకుని, బోర్డు నిజంగా ఏం చేస్తుందో రాసుకున్నా. రీడింగ్ పెడుతుంది. అలర్ట్ పంపుతుంది. ఇంకేమైనా? ఇంకేమీ లేదు! ఏడాది పాటు అడ్మినిస్ట్రేటర్‌గా వెలిగిన బోర్డుకి కావాల్సినవి రెండే రెండు పర్మిషన్లు. నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది.

ఫైల్‌లో ఇవి ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. ఇక్కడ చదవడానికి వీలుగా తెలుగులో పెడుతున్నా:

కామెంట్: గట్టు మీది బోర్డు. రీడింగ్ పెట్టాలి, చదవాల్సిన పని లేదు.
ఎఫెక్ట్ = అలో
యాక్షన్ = ఎస్3 పుట్ఆబ్జెక్ట్
రిసోర్స్ = మా బకెట్ / రీడింగ్స్ / స్టార్

కామెంట్: ఆక్సిజన్ తగ్గితే బావకి మెసేజ్. ఇది ఆగకూడదు.
ఎఫెక్ట్ = అలో
యాక్షన్ = ఎస్ఎన్ఎస్ పబ్లిష్
రిసోర్స్ = ఆ ఒక్క అలర్ట్ టాపిక్

టెర్రాఫామ్‌లో దీన్ని ఏడబ్ల్యూఎస్_ఐఏఎమ్_పాలసీ_డాక్యుమెంట్ అనే డేటా బ్లాక్‌లో రాస్తాం. జేసన్‌గా అదే మార్చుకుంటుంది. కామాలు, బ్రాకెట్ల గొడవ మనకి ఉండదు.

రేపు ఎవరైనా షెడ్డులోంచి ఆ బోర్డు ఎత్తుకుపోయినా, ఆ కీతో సర్వర్ లేపలేరు, పాత రీడింగ్‌లు చదవలేరు, డిలీట్ చేయలేరు. మహా అయితే దొంగ రీడింగ్‌లు పెట్టగలరు, బావకి దొంగ మెసేజ్‌లు పంపగలరు. పాత ఫైల్ పేరుతోనే కొత్తది పెట్టి పాతదాన్ని చెరిపేయగలరు కూడా, అందుకని బకెట్‌లో వెర్షనింగ్ ఆన్ చేశా. నిజానికి ఇలాంటి బోర్డులకి ఐఓటీ కోర్ సర్టిఫికెట్లు ఇంకా మంచి పద్ధతి, మారని యాక్సెస్ కీ బోర్డులో ఉండాల్సిన అవసరమే ఉండదు. అది నేనింకా చేయలేదు.

డ్యాష్‌బోర్డ్ కోసం చదివే రోల్ రాసేటప్పుడు ఒక గంట తల పట్టుకున్నా. ఫైల్స్ చదవడానికి గెట్ఆబ్జెక్ట్, లిస్ట్ చూడటానికి లిస్ట్‌బకెట్. రెండిటికీ ఒకే రిసోర్స్ ఇచ్చా, బకెట్ పేరు తర్వాత స్లాష్ స్టార్ అని. చదవడం వస్తోంది, లిస్ట్ రావట్లేదు. కారణం ఏంటంటే, లిస్ట్ చేయడం అనేది బకెట్ మీద చేసే పని, కాబట్టి రిసోర్స్‌లో బకెట్ పేరు మాత్రమే ఉండాలి. చదవడం లోపలి ఫైల్ మీద చేసే పని, దానికి స్లాష్ స్టార్ కావాలి. చాలామంది ఇక్కడే విసిగిపోయి రిసోర్స్‌లో ఉత్త స్టార్ పెట్టేస్తారు. పెట్టకండి ప్లీజ్. రెండు విడి స్టేట్‌మెంట్లు రాస్తే అయిపోయే పని.

నాకు, గిట్‌హబ్‌కి వేరే దారి

నా ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు పర్మనెంట్ కీ లేదు. ఎంఎఫ్ఏ కోడ్ ఇచ్చి ఒక రోల్ తీసుకుంటా. డీఫాల్ట్‌గా గంట తర్వాత ఆ తాత్కాలిక కీ దానంతట అదే చచ్చిపోతుంది. ఆండ్రాయిడ్‌లో "ఈసారికి మాత్రమే" లాంటిదే అనుకోండి.

డ్యాష్‌బోర్డ్ పేజీ అప్‌లోడ్ చేసేది గిట్‌హబ్ యాక్షన్స్. దానికీ కీ ఇవ్వక్కర్లేదు, ఓఐడీసీ అనే పద్ధతిలో గిట్‌హబ్ తనెవరో రుజువు చూపించి రోల్ తీసుకుంటుంది. ఇక్కడ జాగ్రత్త. ఆ రోల్ ట్రస్ట్ పాలసీలో "ఫలానా రిపాజిటరీ అయితేనే" అనే కండిషన్ తప్పకుండా రాయాలి. గిట్‌హబ్ నుంచి వస్తే చాలు అన్నట్టు రాస్తే, ముక్కూమొహం తెలియని వాళ్ల రిపాజిటరీ కూడా మన ఇంట్లోకి వచ్చేయొచ్చు.

ఇంకోటి. పాలసీలు మార్చే పర్మిషన్ ఉన్నవాడు అడ్మిన్‌తో సమానం, ఎందుకంటే తనకి తనే అన్నీ రాసుకోగలడు. అందుకే గిట్‌హబ్ రోల్‌కి ఐఏఎమ్ పర్మిషన్ ఒక్కటి కూడా ఇవ్వలేదు. పర్మిషన్ల ఫైల్‌ని మాత్రం నేనే చేత్తో అప్లై చేస్తా. ఆటోమేషన్ పిచ్చి ఉన్నవాళ్లకి నచ్చకపోవచ్చు, కానీ నేను ఇక్కడ మారను.

కోడ్‌లో రాసినా పడే గుంతలు

కోడ్ రాస్తే అన్నీ సేఫ్ అని కాదు. టెర్రాఫామ్‌లో ఏడబ్ల్యూఎస్_ఐఏఎమ్_పాలసీ_అటాచ్‌మెంట్ అని ఒక రిసోర్స్ ఉంది. పేరు చూసి అమాయకంగా వాడతాం. కానీ అది "ఈ పాలసీ నేను రాసినవాళ్లకి తప్ప అకౌంట్‌లో ఇంకెవరికీ ఉండకూడదు" అని అర్థం చేసుకుని, మిగతా అందరి దగ్గర్నుంచీ దాన్ని పీకేస్తుంది. ఆఫీసుల్లో ఉమ్మడి అకౌంట్లలో దీన్ని వాడితే గోల గోలే. యూజర్‌కి వేరే, రోల్‌కి వేరే అటాచ్‌మెంట్ రిసోర్సులు ఉన్నాయి, అవే వాడండి.

వాటికీ ఒక మెలిక ఉంది. ఎవరైనా కన్సోల్‌లోకి వెళ్లి అదే యూజర్‌కి ఇంకో పాలసీ తగిలిస్తే, ప్లాన్‌లో అది కనిపించదు. టెర్రాఫామ్ తను పెట్టినదాన్నే చూసుకుంటుంది. కాబట్టి అప్పుడప్పుడు కన్సోల్‌లోకి తొంగి చూడటం తప్పదు.

మూడోది, టెర్రాఫామ్‌తోనే యాక్సెస్ కీ తయారు చేయిస్తే ఆ సీక్రెట్ స్టేట్ ఫైల్‌లో మామూలు అక్షరాల్లో పడి ఉంటుంది. ఆ స్టేట్ ఫైల్‌ని గిట్‌లో పెట్టారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. నేను యూజర్‌ని, పాలసీని కోడ్‌లో రాసి, కీ మాత్రం విడిగా తీసుకున్నా.

రీజియన్‌కి కంచె

నా సర్వర్లు సావో పాలోలో లేవడం నాకు ఇప్పటికీ అవమానంగా ఉంది. నాకు కావాల్సింది ముంబై, హైదరాబాద్ రీజియన్లు మాత్రమే. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. కొత్త రీజియన్ కాబట్టి అది డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. కానీ పాత రీజియన్లు చాలావరకు అడగకుండానే ఆన్‌లో ఉంటాయి. దొంగలు దూరేది అక్కడే.

అందుకని ఒక డినై పాలసీ రాశా: అడిగిన రీజియన్ ఈ రెండూ కాకపోతే కుదరదు అని. రాసి అప్లై చేయగానే ఐఏఎమ్ పనిచేయడం మానేసింది! ఎందుకంటే ఐఏఎమ్ లాంటి గ్లోబల్ సర్వీసుల రిక్వెస్టులు అమెరికాలోని వర్జీనియా రీజియన్ కింద లెక్కకొస్తాయి. నా కంచెలో నేనే ఇరుక్కున్నా. రూట్ అకౌంట్‌తో లోపలికెళ్లి, ఐఏఎమ్‌నీ ఇంకొన్నిటినీ ఆ డినై నుంచి మినహాయించాల్సి వచ్చింది. కాబట్టి మీరు మొదట్లోనే మినహాయించండి.

పెద్ద కంపెనీలకి కూడా ఇదే జబ్బు

ఇదంతా చిన్నపిల్లల తప్పులు అనుకోకండి. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంక్ డేటా బయటికి పోయింది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు. దాడి చేసిన మనిషి ఒక ఫైర్‌వాల్‌లోని లోపం ద్వారా దాని రోల్ తాలూకు తాత్కాలిక కీలు సంపాదించింది. ఫైర్‌వాల్ పని వచ్చే ట్రాఫిక్‌ని వడకట్టడం. కానీ ఆ రోల్‌కి స్టోరేజ్ బకెట్లని లిస్ట్ చేసి, లోపలి డేటా తీసుకునే పర్మిషన్ ఉంది. వాచ్‌మన్‌కి లాకర్ తాళాలు ఇచ్చినట్టు. 2020లో అక్కడి బ్యాంకింగ్ రెగ్యులేటర్ 8 కోట్ల డాలర్ల ఫైన్ వేసింది. మన దగ్గర కూడా 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో, సరైన భద్రత పెట్టకపోతే 250 కోట్ల రూపాయల వరకు పెనాల్టీ అని ఉంది. రొయ్యల ఆక్సిజన్ రీడింగ్‌కి ఆ చట్టం వర్తించదు లెండి. కానీ మీరు రేపు చేరబోయే స్టార్టప్‌లో యూజర్ల ఫోన్ నంబర్లకి వర్తిస్తుంది.

ఇప్పటికే అన్నీ స్టార్‌లతో నిండిన అకౌంట్ మీ చేతిలో ఉంటే, ఏది తీయాలో తెలియకపోతే, యాక్సెస్ అనలైజర్ చూడండి. క్లౌడ్‌ట్రెయిల్ లాగ్స్ చదివి, ఈ రోల్ నిజంగా వాడినవి ఇవి అని పాలసీ డ్రాఫ్ట్ ఇస్తుంది. దాన్ని యథాతథంగా పెట్టకండి. నెలకోసారి మాత్రమే నడిచే పని ఆ లాగ్స్‌లో పడకపోయి ఉండొచ్చు, పైగా ఎస్3 ఫైల్ పెట్టడం, తీయడం లాంటివి ఆ డ్రాఫ్ట్‌లోకి రావు. మొదటి మెట్టుగా మాత్రం బాగుంటుంది.

అన్నీ సర్దాక, ఈసారి పగలే, బావని గట్టు మీద నిలబెట్టి టెస్ట్ చేశా. ముందు గిట్‌హబ్ రోల్ తీసేశా. తర్వాత నా రోల్ సెషన్లు రద్దు చేశా. ఆ తర్వాత బావ సెన్సర్‌ని ఆక్సిజన్ తీసేసిన నీళ్ల బకెట్‌లో ముంచాడు. ఐదు నిమిషాలు ఇద్దరం ఫోన్ వైపే చూస్తూ ఉన్నాం. మెసేజ్ వచ్చింది. బావ ఆ ఫోన్ తీసుకెళ్లి కావలి పెద్దాయనకి చూపించాడు. ఆయన చదివి, "సరేలే, నేను కూడా ఉంటాలే" అన్నాడు.